ఊపిరి దగ్గరే పట్టుకోవాలి

మేస్త్రీ గారు పోయారన్న సంగతి నాకు పామర్రు బస్సులో తెలిసింది. ఉయ్యూరు దాటాక ఫోను తీసి చూస్తే మా పొద్దుటి యోగా గ్రూపులో ఆయన ఫోటో ఉంది. తెల్లచొక్కా వేసుకుని, పైగుండీ కూడా పెట్టుకుని, ఎవరో గదమాయించి కూర్చోబెట్టినట్టు బిగుసుకుని ఉన్నారు. కింద రెండు వాక్యాలు. తెల్లవారుజామున నిద్రలోనే వెళ్ళిపోయారు. సాయంత్రం నాలుగు గంటలకు హనుమాన్ జంక్షన్‌లో భూస్థాపన.

ఆ ఫోటో చూడగానే, ఈయన ఇలా ఉండరే అనిపించింది. నేనెరిగిన మేస్త్రీ గారికి ఒంట్లో ఎక్కడా బిగువు ఉండేది కాదు. అరవై ఆరేళ్ళ మనిషి నేలమీద నుంచి చేతులు ఆన్చకుండా లేచేవారు. లేచినట్టే తెలిసేది కాదు.

ఆయన పేరు మా గుంపులో చాలామందికి తెలియదు. ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు లారీ ఇంజన్లు దించి, విప్పి, బాగుచేసి ఎక్కించిన మనిషి. అక్కడ మేస్త్రీ అంటే సరిపోయేది, మాకూ అదే సరిపోయింది. అరచేతి గీతల్లో గ్రీజు నల్లగా ఇంకిపోయి ఉండేది. ఎంత రుద్దినా పోదని నవ్వేవారు. ఆటోనగర్ వెనక కాలనీలో ఒక చిన్న పార్కు ఉంది. అయిదింటికల్లా పాత మోపెడ్ మీద అక్కడికి వచ్చి, లారీల మీద కప్పే టార్పాలిన్‌లోంచి కోసుకున్న ముక్క పరుచుకుని కూర్చునేవారు. మాకందరికీ రంగురంగుల మ్యాట్లు ఉండేవి. ఆయనకి ఆ ముక్కే.

ఆసనాలకి సంస్కృతం పేర్లు ఆయన నోట ఎప్పుడూ రాలేదు. "లేని కుర్చీలో కూర్చోండి" అంటే మోకాళ్ళు వంచి, నడుం నిటారుగా పెట్టి, గాల్లో కూర్చోవాలి. "ఇంజన్ ఆపెయ్యండి" అంటే శవాసనం. "జాకీ పెట్టినట్టు" అంటే భుజంగాసనం. ఛాతీ మెల్లగా, పంటిబిగువు లేకుండా లేవాలి. ఎవరైనా పక్కవాళ్ళని చూసి ఇంకాస్త వంగబోతే అరచెయ్యి చూపించి ఆపేసేవారు.

"ఒక్క ఊపిరి ఆగండి."

ఆ మాట ఆయనకి అన్నిటికీ పనికొచ్చేది. ఎవరి ఫోనన్నా మోగితే, "ఒక్క ఊపిరి ఆగి తీయండి, అవతలివాళ్ళు ఎక్కడికీ పోరు" అనేవారు. బయట రోడ్డుమీద ఆటోవాళ్ళు తగవుపడుతుంటే గేటు దాకా వెళ్ళి అదే మాట చెప్పి తిట్టించుకుని వచ్చేవారు. తిట్టారని బాధపడేవారు కాదు. "ఆగారు కదండీ, నన్ను తిట్టడానికన్నా" అనేవారు.

ఆయన క్రైస్తవులు. క్లాసు ఓంకారంతో మొదలయ్యేది కాదు. నిశ్శబ్దంతో మొదలయ్యేది. మా గుంపులో ఒక రిటైర్డ్ ఆఫీసర్ గారికి అది నచ్చక, "ఓం అనకుండా యోగా ఏంటి మేస్త్రీ గారూ?" అని అడిగారు. "మీరు అనండి సార్, నేను వింటాను" అన్నారాయన. మర్నాటి నుంచి ఆఫీసర్ గారు గట్టిగా అనేవారు, ఈయన కళ్ళు మూసుకుని శ్రద్ధగా వినేవారు. అటువైపు వాళ్ళ చర్చిలోనూ ఎవరో గొణిగారట. పాస్టర్ గారు ఇంటికొచ్చి, ఇది మన విశ్వాసానికి సరిపడుతుందా అని మెత్తగా అడిగారట. "రేపు పొద్దున్న ఆరున్నరకి ఒకసారి రండి అయ్యగారూ" అన్నారట మేస్త్రీ గారు. పాస్టర్ గారు వచ్చి, చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. ఆ పైవారం తన మోకాలి నొప్పికి ఏమన్నా చెప్పమని కబురు పెట్టారు.

ఆ ఆరున్నరకి పాస్టర్ గారు ఏం చూశారో నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

నేను ఆ పార్కుకి వెళ్ళింది ఆరోగ్యం మీద మోజుతో కాదు. మా అమ్మకి పక్షవాతం వచ్చి మంచాన పడింది. నేనొక్కదాన్నే కూతుర్ని. పెళ్ళి చేసుకోలేదు. పామర్రు హైస్కూల్లో తెలుగు టీచర్ని. విజయవాడలో అద్దె ఇల్లు. పొద్దున్న అమ్మ పనులన్నీ చేసి, పక్కింటావిడకి అప్పగించి, ఏడున్నర బస్సు ఎక్కాలి. అమ్మని ఎత్తీ దించీ ఆరు నెలలు తిరక్కుండానే నా నడుం పోయింది. డాక్టర్ బెల్టు రాసిచ్చి, బరువులు ఎత్తకూడదన్నాడు. అమ్మ బరువు కాదని ఆయనకి ఎట్లా చెప్పను? కాదా అని నన్ను నేను అడిగితే ఏం చెప్పాలో కూడా తెలియలేదు. స్కూల్లో ఒక సహోద్యోగి ఈ మేస్త్రీ గారి సంగతి చెప్పింది.

మొదటిరోజు ఆయన నా నడుం సంగతి అడగలేదు. "మీరు ఎవర్ని ఎత్తుతున్నారండీ?" అని అడిగారు.

ఎట్లా తెలిసిందన్నాను.

"నుంచోవడంలో తెలుస్తుందండి. ఎడంపక్క లాగి నుంచున్నారు. మంచానికి కుడిపక్క గోడ ఉందా?"

ఉంది. నెలరోజుల్లో, ఆ లేని కుర్చీలో రోజుకి పదిసార్లు కూర్చుని, అమ్మని నడుంతో కాకుండా తొడలతో ఎత్తడం నేర్చుకున్నాను. ఊపిరి వదులుతూ లేవాలి. పీల్చి బిగబట్టి లేవకూడదు. బెల్టు తీసి అటక మీద పడేశాను. కాళ్ళలోకి నేనెరగని బలం వచ్చింది. నేను బాగుపడ్డాననే అనుకున్నాను.

ఒక సోమవారం పొద్దున్న, అప్పటికి పార్కుకి రావడం మొదలుపెట్టి ఏడాదయింది, అమ్మ స్నానం చేయించుకోనని మొండికేసింది. మంచం పట్టె గట్టిగా పట్టుకుని వదల్లేదు. పరీక్షల రోజులు, బస్సు తప్పితే కుదరదు. మూడుసార్లు బతిమాలాను. నాలుగోసారి మణికట్టు పట్టుకుని లాగాను. ఎంత గట్టిగా లాగానో నాకు తెలియదు. కాళ్ళలోకీ చేతుల్లోకీ వచ్చిన ఆ బలమంతా వాడాను. అమ్మ చిన్న జంతువులా కుయ్యిమంది. సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే మణికట్టు మీద నా నాలుగు వేళ్ళూ నీలంగా తేలి ఉన్నాయి.

మర్నాడు పార్కులో కళ్ళు మూసుకుని కూర్చోలేకపోయాను. క్లాసయి అందరూ వెళ్ళాక మేస్త్రీ గారు సిమెంటు బల్ల మీద నా పక్కన, కాస్త దూరంగా కూర్చున్నారు.

"ఏం జరిగింది టీచర్ గారూ?"

చెప్పాను. వేళ్ళ గుర్తుల సంగతి కూడా చెప్పాను. ఓదారుస్తారనుకున్నాను. ఫర్వాలేదండీ, అలసట వల్ల జరుగుతుంటాయి, అంటారనుకున్నాను. ఆయన కాసేపు తన అరచేతుల వైపు చూసుకున్నారు.

"నేను మా ఆవిడ్ని కొట్టానండి" అన్నారు.

ఆయన భార్యకి పక్షవాతమని అప్పటిదాకా నాకు తెలియదు. ఎనిమిదేళ్ళుగా మంచం మీదే ఉన్నారట. కుడిపక్క పూర్తిగా పడిపోయింది, మాటా పోయింది. ఒక్క మాట మాత్రం మిగిలింది: "వచ్చారా". ఆయన పనినుంచి ఇంటికి రాగానే అనే మాట. ఆకలేసినా, దాహమేసినా, నొప్పెట్టినా, కోపమొచ్చినా ఆమె నోట్లోంచి అదొక్కటే వచ్చేదట.

"మొదటి సంవత్సరం అండి. పొద్దున్నే షెడ్డుకెళ్ళాలి, ఇంజన్ దించి పెట్టాం, బండివాడు నెత్తిన కూర్చున్నాడు. దుప్పటి అప్పటికి రెండుసార్లు మార్చా. ఇడ్లీ ముక్క నోట్లో పెడితే ఉమ్మేసింది. మొహాన పడింది. మళ్ళీ పెట్టా. మళ్ళీ ఉమ్మేసింది. కొట్టేశానండి, చెంప మీద. ఈ చేత్తోనే."

ఆ చెయ్యి మోకాలి మీద బోర్లా పెట్టుకున్నారు.

"ఆవిడకి మొహంలో సగం కదలదు కదండీ. ఒక కంట్లోంచే నీళ్ళొచ్చినయ్. నా వంక చూసి, వచ్చారా, అంది."

బయట షెడ్ల షట్టర్లు ఒక్కొక్కటే లేస్తున్న చప్పుడు. నేను బస్సు సంగతి మర్చిపోయాను.

"ఎప్పుడో నడుం పట్టేసినప్పుడు ఒక పెద్దాయన ఈ యోగా నేర్పాడండి. అప్పుడు పది రోజులు చేసి మానేశా. ఆ పొద్దున్నించి మళ్ళీ మొదలెట్టా. అందరికీ నడుం కోసమని చెప్తాను. అదీ నిజమే, కానీ సగమే. కోపం ముందు ఊపిరిలోకి వస్తుందండి, తర్వాతే చేతిలోకి దిగుద్ది. ఊపిరి దగ్గరే పట్టుకోవాలి. అక్కడ దొరికితే చెయ్యి దాకా రాదు. కానీ చాలా చిన్నది, చప్పున జారిపోద్ది. రోజూ చేస్తేగానీ దొరకదు. ఒక్కరోజు మానితే నాకు భయమేసుద్ది."

"దొరుకుతోందా?" అన్నాను.

"ఇప్పటిదాకా దొరికింది. రేపటి సంగతి తెలియదు."

లేచి టార్పాలిన్ మడుస్తూ, "మా అమ్మాయికి తెలియదండి ఇది. తెలియనివ్వకండి" అన్నారు. మాటిచ్చాను.

ఆ వారమే ఆదివారం పొద్దున్న వాళ్ళింటికి వెళ్ళాను. ఒకటే గది, ముందు వరండా. ఆరున్నరకి ఆయన మంచం దగ్గర మోకాళ్ళు వంచి, ఆమె చెయ్యి తన మెడ చుట్టూ వేసుకుని, ఒక్కక్షణం అట్లాగే ఆగారు. ఇద్దరి ఊపిరీ ఒక్కటయ్యేదాకా ఆగారని నాకు కాసేపటికి అర్థమైంది. ఆమె ఊపిరి వదిలినప్పుడు ఆయనా వదులుతూ లేచారు. ఆమె పాదాలు నేలనుంచి తేలినట్టు లేచాయి. బాత్రూం దాకా అట్లాగే ఎత్తుకుని తీసుకెళ్ళారు. గుమ్మం దగ్గర ఆమె నావైపు చూసి, "వచ్చారా" అంది. వచ్చానండీ అన్నాను. పాస్టర్ గారు ఏమీ అనకుండా ఎందుకు వెళ్ళిపోయారో అప్పుడు తెలిసింది. దేవుడి ముందు మనుషులు నుంచునే తీరు చాలా చూశాను. నేను చూసినంతలో ఇంతకంటే శుభ్రమైనది లేదు.

ఇంకో రెండేళ్ళకి, వానాకాలంలో, ఆమె నిమోనియాతో పోయింది. ఆయన పార్కుకి రావడం మానేశారు. వారం చూశాం, నెల చూశాం. గుంపు పలచబడింది. ఆఫీసర్ గారు కొన్నాళ్ళు ఒక్కరే ఓం అని, ఆయనా మానేశారు. నేను వెళ్ళి చూస్తే మేస్త్రీ గారు వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. నిజం కుర్చీలో. గడ్డం పెరిగింది.

"ఇంత బలం పెట్టుకుని ఏం చేసుకోమంటారండీ?" అన్నారు. "పొద్దున్నే నాలుగున్నరకి మెలకువ వచ్చేసుద్ది. చేతులు లేస్తయ్. ఎత్తడానికి ఎవరూ లేరు."

ఓదార్చడం నాకు రాదు. ఓదార్చకుండా పక్కన కూర్చోవడమే ఆయన దగ్గర నేర్చుకున్నది. ఆయన పక్కన అరుగు మీద కూర్చున్నాను. ఊపిరి గమనించుకుంటూ ఓ అరగంట కూర్చున్నాం. మధ్యలో ఆయన ఏడ్చారు. ఆ ఏడుపు దాచుకోలేదు. లేచేటప్పుడు, "మా అమ్మ పక్కటెముకల దగ్గర పుండు పడింది, పక్కకి తిప్పడం నాకు సరిగ్గా కుదరడం లేదు, ఒకసారి వచ్చి చూస్తారా?" అని అడిగాను. సాకుగా అడిగింది కాదు. నిజంగానే కుదరడం లేదు.

మర్నాడు వచ్చారు. అమ్మ పోయేదాకా, పదకొండు నెలలు, ఆదివారాలు తప్ప రోజూ వచ్చారు. అమ్మ మొదట్లో పరాయి మగవాడని మొహం తిప్పుకునేది. తర్వాత ఆయన మోపెడ్ చప్పుడికి దుప్పటి సర్దుకునేది. మా ఇంటి నుంచి ఇంకో ఇంటికి, అక్కడి నుంచి మరో ఇంటికి, మంచాన పడ్డవాళ్ళు ఎక్కడున్నారని తెలిస్తే అక్కడికి వెళ్ళేవారు. వాళ్ళ మనుషులకి ఎత్తడం నేర్పేవారు. పనయ్యాక ఎత్తేవాళ్ళని పక్కకి పిలిచి, విసుగొస్తోందా అని అడిగేవారట. రావడం లేదన్నవాళ్ళ ఇళ్ళకి మర్నాడు కూడా వెళ్ళేవారట.

నిరుడు బాత్రూంలో జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది గానీ లేవలేకపోయారు. కూతురు హనుమాన్ జంక్షన్‌లో ఉంటుంది. ఇంట్లో మిషను పెట్టుకుని బ్లౌజులు కుడుతుంది. అల్లుడు లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. ఆమే వచ్చి తీసుకెళ్ళింది. నేను రెండుసార్లు ఫోన్ చేశాను. "మంచం మీద కూడా క్లాసు జరుగుతోందండి, ఊపిరి ఆడుతున్నంతసేపూ" అన్నారు. వేసవి సెలవుల్లో వస్తానన్నాను. వేసవి వచ్చి వెళ్ళింది. ఇప్పుడు ఆలోచిస్తే, కాళ్ళు కదలని ఆయన్ని చూడటానికి నాకు మనసొప్పలేదేమో.

ఆ కబురు చూసిన పొద్దున్న, పామర్రులో దిగి, హెడ్మాస్టర్ గారికి సెలవు చెప్పి, గుడివాడ మీదుగా జంక్షన్ వెళ్ళాను. ఇంటి ముందు షామియానా, బల్ల మీద పెట్టె. ముఖం ఫోటోలోలా బిగుసుకుని లేదు. ఎప్పటిలాగే వదులుగా ఉంది. ప్రార్థన తర్వాత కూతురు మైకు తీసుకుంది. నలభై ఏళ్ళుంటాయి. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"మా అమ్మ పదేళ్ళు మంచంలో ఉంది. మా నాన్న చంటిబిడ్డని చూసినట్టు చూశాడు. ఒక్కరోజు విసుక్కోలేదు, ఒక్కమాట పరుషంగా అనలేదు. దేవుడు ఆయనకి పుట్టుకతోనే ఆ ఓర్పు ఇచ్చాడు. నాకు..." అని ఆగిపోయింది. ఎవరో మైకు అందుకున్నారు.

మట్టి వేసి వచ్చాక, ఆడవాళ్ళు టీలు పోస్తుంటే, ఆమె నన్ను వెనక గదిలోకి పిలిచింది. మిషను, దానిమీద సగం కుట్టిన జాకెట్లు, పక్కన ఆయన మంచం. పరుపు అప్పటికే తీసేశారు.

"నాన్న మీ గురించి చెప్పేవాడు టీచర్ గారూ. మీకు ఒకటి చెప్పాలి. ఎవరికీ చెప్పలేదు. పదిహేను రోజుల కింద పెళ్ళివాళ్ళ జాకెట్లు ఇవ్వాల్సిన రోజు, నాన్న రెండోసారి పక్క తడిపాడు. చస్తే పీడా పోయేది అన్నాను. గట్టిగానే అన్నాను."

ఆమె మిషను మీది జాకెట్టు ఒకటి తీసి మడత పెట్టింది.

"ఆయన ఏమీ అనలా. కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకుంటా పడుకున్నాడు. ఆ ఓర్పు చూస్తే నాకు ఇంకా సిగ్గేసింది. తర్వాత రోజూ ఆయన మొహం చూడకుండానే అన్నం పెట్టాను. ఆయనకి అట్లాంటివి ఎప్పుడూ రాలేదు కదా. నాకెందుకు వచ్చిందండీ? నేను ఎవరికి పుట్టాను?"

బయట ఎవరో గ్లాసులు లెక్కపెడుతున్నారు. తెలియనివ్వకండి అని ఆయన అడిగారు, నేను మాటిచ్చాను. ఒక ఊపిరి ఆగాను, రెండు ఊపిర్లు ఆగాను. ఆమె నా ముఖంలోకే చూస్తోంది. ఈ మాట తనతో ఎన్నేళ్ళు మోస్తుందో నాకు కనబడింది. ఆయన ఒక్కరే ఎంతకాలం మోశారో నాకు తెలుసు.

"మీ నాన్న మీ అమ్మని ఒకసారి కొట్టారమ్మా" అన్నాను.

ఇడ్లీ సంగతి, చెంప సంగతి, ఒక కంటి నీళ్ళ సంగతి, ఆ పొద్దున్నించి మొదలైన యోగా సంగతి, అన్నీ చెప్పాను. ఏదీ మెత్తన చేయలేదు. పుట్టుకతో వచ్చిన ఓర్పు కాదమ్మా, రోజూ పొద్దున్నే లేచి సంపాదించుకున్నది, రేపు ఉంటుందో లేదో అని ఆయనకే భయం, అని చెప్పాను. వింటూ ఆమె ఆ మంచం పట్టె మీద కూర్చుండిపోయింది.

"నాకెందుకు చెప్పలేదండీ?" అంది. "మీకు చెప్పాడు. నాకు చెప్పుంటే నేనూ చెప్పేదాన్ని కదా, ఆ మాట అన్నందుకు నా ప్రాణం ఎట్లా కొట్టుకుంటోందో. ఇక్కడే, ఈ మంచం మీద, ఇద్దరం కూర్చుని ఏడ్చేవాళ్ళం. పదిహేను రోజులండీ. పదిహేను రోజులు ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు, నేను మిషను వైపు తిరిగి కూర్చున్నాను."

ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ పదిహేను రోజుల్లో ఏ ఒక్క ఆదివారమైనా, ఆయన రమ్మనకపోయినా, నేను జంక్షన్ బస్సు ఎక్కి ఉంటే, ఆ గదిలోకి అడుగుపెట్టగానే నాకు తెలిసిపోయేది. ఎవరు ఎటు తిరిగి ఉన్నారో చూసి చెప్పడం నాకు నేర్పింది ఆయనే.